ఉమ్మలేని గుక్క

రిటైరయ్యానని చెప్తే జనం ముందు నా జుట్టు వైపు చూస్తారు. తెల్ల వెంట్రుక కోసం. ఉండదు. నాకింకా ముప్పై అయిదు రాలేదు. మా పనిలో రిటైర్మెంట్ వయసు చూసి రాదు. కొందరికి ముక్కు పోతుంది, కొందరికి కాలేయం పోతుంది, ఇంటికి వెళ్ళిపోతారు. నాకు ఆ రెండూ బాగానే ఉన్నాయి. అయినా మానేశాను.

నేను చేసిన పని జిన్ను రుచి చూడటం. జిన్ను అంటే జునిపర్ అనే ఎండు పండు వాసన ఎక్కించిన తెల్లటి మందు. దానికి తోడు ధనియాలు, నారింజ తొక్క, ఇంకా ఎవరి ఊళ్ళో దొరికే ఆకో వేరో వాళ్ళు వేసుకుంటారు. కరీంనగర్ దాటాక రోడ్డు పక్కన మాదొక చిన్న ఫ్యాక్టరీ. బోర్డు మీద డిస్టిలరీ అని ఉండేది. లోపల అందరం బట్టీ అనేవాళ్ళం.

మొన్న ఎవరో పిల్లాడు ఫోన్ చేశాడు. "మేడం, పొద్దున్నుంచి తాగుడే పనట కదా, పైగ జీతం ఇస్తరట కదా?" అన్నాడు. నోటికొచ్చింది తిట్టి ఫోన్ పెట్టేశాను. నా కోపం సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. తర్వాత ఆలోచిస్తే వాడి తప్పేముంది? ఈ పనేమిటో వాడికి ఎవరూ చెప్పలేదు. తిట్టినందుకు బదులుగా ఇది రాస్తున్నాను. తమ్ముడూ, ఇది తాగుడు పని కాదు. భయపడే పని.

ఎక్కడిది?

నాకు పని నేర్పింది రాజేశం సార్. జీవితమంతా పెద్ద పెద్ద కంపెనీల్లో మందు రుచి చూసి, చివరికి సొంతూరు కరీంనగర్ వచ్చి మా బట్టీలో చేరారు. సన్నగా, వంగి, ఎప్పుడూ ముతక తెల్లచొక్కా. హైదరాబాద్ నుంచి వచ్చిన మొదటి రోజు నేను తలకు షాంపూ పెట్టుకుని, మణికట్టుకు సెంటు రాసుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన తల ఎత్తకుండానే అన్నారు.

"వాపస్ పో బిడ్డా. రేపు రా. ఉత్త నీళ్ళతోని తానం జేసి రా."

ఒళ్ళు మండింది. కానీ మర్నాడు ఉత్త నీళ్ళతో స్నానం చేసి వెళ్ళాను.

పని ఇలా ఉంటుంది. సగం మందు, సగం నీళ్ళు కలిపి చిన్న గ్లాసులో పోస్తారు. ముందు వాసన. తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని, నాలుక కింద, బుగ్గల్లో, అంగిలి మీద తిప్పి, పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మెయ్యాలి. నాలుగు ముర్మురాలు నమిలి, నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ తర్వాతి గ్లాసు. మింగితే రెండో గ్లాసుకే నాలుక అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఉమ్మడం మా పనిలో మర్యాద.

చేరిన కొత్తలో నారింజ తొక్క వేసిన ఒక సరుకు వచ్చింది. గుక్క నోట్లో పోసుకోగానే ఉమ్మేసి ఎగిరి గంతేశాను. "సార్, బొగ్గు వాసన! పక్కా బొగ్గు!"

సార్ మెల్లగా రుచి చూశారు. "అవు. బొగ్గే. మంచిగ పట్టినవ్. ఏడి బొగ్గు?"

"అంటే?"

"ఏడికెంచి వచ్చింది అంటున్న. ఎవరు ఎండబెట్టిన్రు, ఏడ ఎండబెట్టిన్రు. ఫోన్ నీ చేతిల్నే ఉన్నది గద. ఎప్పుడూ గదే పట్టుకొని తిరుగుతవ్. చెయ్."

చేశాను. తొక్కలు ఎండబెట్టిన ఇల్లు శ్రీరాంపూర్‌లో, గనుల పక్కన. మేడ మీద తడిగుడ్డ ఆరేస్తే సాయంత్రానికి నల్లబడే చోటు. వాళ్ళకు ఆ వాసన తెలియదు. అందులోనే పుట్టారు, అందులోనే పెరిగారు.

"రుచి చెప్పెటోళ్ళు మస్తు మంది దొరుకుతరు," అన్నారు సార్. "రుచి ఎన్కకు పోయి అది ఏడికెంచి వచ్చిందో అడిగెటోడే పనోడు. అడగకుంట మింగినవనుకో, ఇగ నీకూ తాగుబోతుకూ ఫరక్ లేదు."

అప్పట్లో ఇదంతా ముసలాయన చాదస్తం అనిపించింది. ఆ తొక్క మీద ఉన్నది ఉత్త మసే కాబట్టి అలా అనిపించింది.

మైసమ్మ వంతు

మా బట్టీలో ఉమ్మకూడని గుక్క ఒకటుండేది.

సీసాలు కడిగే లస్మవ్వ, బట్టీ మూలన ఒక రాయికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి మైసమ్మ అనేది. కొత్త సరుకు ఏది తయారైనా ముందు ఆ తల్లికి సాక పొయ్యాలి. గ్లాసులోంచి సన్నటి ధారగా నేల మీద పోసి దండం పెట్టడం. కల్లు గీసేవాళ్ళు, మేకను కోసేవాళ్ళు, కొత్త బోరు వేసేవాళ్ళు అందరూ ఇక్కడ చేసేదే. గ్లాసులో మిగిలింది ప్రసాదం. అక్కడున్నవాళ్ళకు తలా ఒక సీసా మూత నిండా.

ప్రసాదం ఉమ్మరు కదా.

మొదటిసారి నేను అలవాటుగా గిన్నె కోసం చూశాను. లస్మవ్వ చెంపలు వేసుకుంది. "అయ్యో, ఏం పిల్లవే నువ్వు! తల్లి ఎంగిలి ఉమ్ముతవా?"

రాజేశం సార్ నవ్వారు. "దినమంత ఉమ్ముతనే ఉంటం. గీ ఒక్క గుక్క తల్లిది. మింగు బిడ్డా."

మింగాను. మింగడం బాగుండేది. పొద్దస్తమానం నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది ఆ ఒక్కసారి లోపలికి వెళ్ళేది. వెచ్చగా దిగేది. ఆ గుక్క కోసం ఎదురుచూసేదాన్ని కూడా.

గట్టు మీది గడ్డి

మా యజమాని విక్రం. పాత భూములున్న కుటుంబం, కొత్త వ్యాపారం మోజు. చెడ్డవాడు కాదు. తొందర మనిషి. మన జిల్లాల పేరు చెప్పుకునే జిన్ను ఒకటి కావాలన్నాడు. అందరూ ఇప్పపువ్వు అన్నారు. వద్దన్నాను, అది అందరికీ తోచేదే. రాజేశం సార్ రోషగడ్డి అన్నారు. ఆదిలాబాద్ గుట్టల మీద దానంతటదే పెరిగే గడ్డి. నలిపితే గులాబీ వాసన. వెనకట అడవుల్లో దాన్నుంచి నూనె తీసే బట్టీలు ఉండేవట. ముసలివాళ్ళు కీళ్ళకు రాసుకునేవారట. దాన్ని మందులో వేసినవాళ్ళను నేనైతే ఎరగను.

ఉట్నూర్ అవతల ఒక ఊళ్ళో భీంరావు అనే రైతు గడ్డి కోయించి ఇస్తానన్నాడు. నేనూ, విక్రమూ జీపులో వెళ్ళాం. వానలు వెలిసి, పత్తి విచ్చుకునే రోజులు. గడ్డి ఉన్నది గుట్ట మీద. దారంతా బురద.

"రెండొద్దులు ఆగితె దారి ఎండుతది సాబ్," అన్నాడు భీంరావు. "అప్పుడు పైకెంచి కోపిస్త. మస్తు గడ్డి ఉంది మీద."

విక్రం గడియారం చూసుకున్నాడు. "కింద లేదా?"

"కింద గట్ల మీద గూడ ఉంది గని..."

"అదీ ఇదే గడ్డి కదా?"

"గదే గడ్డి. గని..."

"ఇంకేంది మరి. కొయ్యించు."

ఆ 'గని' తర్వాత ఏముందో మేమిద్దరం అడగలేదు. కూలీలు పత్తిచేల మధ్య గట్ల మీద కొడవళ్ళతో కోస్తూ ఉంటే నేను గడ్డిమోపు గుండెకు ఆనించుకుని సెల్ఫీలు దిగుతున్నాను. ఎండ బాగుంది. గడ్డి వాసన బాగుంది. ఫొటోల్లో నేనూ బాగున్నాను.

ఆకుపచ్చ

మందును బట్టీలో మరిగించి ఆవిరి పట్టుకుంటే నీళ్ళలా తెల్లగా దిగుతుంది. వాసన వస్తుంది, రంగు రాదు. విక్రంకు రంగు కావాలి. లేత ఆకుపచ్చ, ఫోన్‌లో చూస్తే చెయ్యి ఆగిపోవాలన్నాడు. రంగు కావాలంటే దించిన మందులో మళ్ళీ పచ్చిగడ్డి నానబెట్టాలి. నానబెట్టింది తిరిగి బట్టీ ఎక్కదు. వడగట్టి సీసాకు ఎత్తడమే. అంటే గడ్డి మీద ఏముంటే అది సీసాలోకి వస్తుంది. దుమ్మైనా, ఇంకేదైనా.

కడిగించాం. బాగానే కడిగించాం అనుకున్నాం.

నానిన పొద్దున గ్లాసు పైకెత్తి చూస్తే నిజంగా అందంగా ఉంది. లేత అరటాకు పసుపులోంచి పచ్చలోకి మారే రంగు. ముక్కు దగ్గర పెట్టగానే గులాబీ. కాసేపటికి నిమ్మతొక్క. నోట్లో తిప్పితే అడుగున వాన వెలిశాక ఎండ తగిలిన గడ్డివాము. ఉమ్మేశాక కూడా చాలాసేపు నిలిచింది. నా పనిలో అంత సంతోషంగా ఎప్పుడూ ఉమ్మలేదు.

రాజేశం సార్ కళ్ళు మూసుకుని ఉన్నారు. "మంచిగున్నది," అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అరుదు. తర్వాత కళ్ళు తెరిచి అడిగారు. "గుట్ట మీదిదేనా?"

విక్రం అందుకున్నాడు. "ఉట్నూర్‌దే సార్, అసలు సరుకు."

నేనేమీ అనలేదు. గట్టయినా గుట్టయినా గడ్డి గడ్డే అనుకున్నాను.

లస్మవ్వ మైసమ్మకు సాక పోసింది. మూతలు నింపింది. నేను మింగాను. సార్ మింగారు. లస్మవ్వ మింగి, పెదాలు చీరకొంగుతో తుడుచుకుంది. "గులాబ్జాం తిన్నట్టున్నది." విక్రం మూతను కళ్ళకద్దుకుని, పొద్దున్నే తాగనని పక్కన పెట్టాడు.

ఫొటో

మధ్యాహ్నం సీసా మీద వేయడానికి, ఫోన్‌లో పెట్టడానికి ఫొటోలు కావాలన్నాడు విక్రం. ఉట్నూర్‌లో దిగిన ఫొటోలు తెరిచాను. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూస్తున్నాను, నా ముఖం ఎలా వచ్చిందో అని. ఒకదాంట్లో నా భుజం వెనక, చేను చివర, చిన్నగా ఒక మనిషి. ఇంకా పెద్దది చేశాను. ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. వీపు మీద పంపు. చేతిలో గొట్టం. గొట్టం ముందు తెల్లటి పొగలాంటిది.

అతను పంపుతో మందు కొడుతున్నాడు. మేము కోయిస్తున్నప్పుడు, అదే గాలిలో.

పక్క గట్టు చూశాను. గోధుమరంగు. కాలినట్టు. మిగతా చోటంతా పచ్చగా ఉంటే అది ఒక్కటే బారుగా ఎండిపోయి ఉంది.

హైదరాబాద్‌లో పెరిగినదాన్నైనా ఆ రంగేమిటో నాకు తెలుసు. ఈ జిల్లాల్లో కొన్నాళ్ళు ఉంటే ఎవరికైనా తెలుస్తుంది. గడ్డి మందు. చేలల్లో కలుపును చంపేది. అందులో ఒక రకానికి విరుగుడు లేదంటారు. ఒక గుక్క చాలంటారు.

ఒక గుక్క.

గొంతులో మంట ఉందా అని చూసుకున్నాను. ఉంది. జిన్ను తాగితే ఎప్పుడూ ఉంటుంది. ఇది ఆ మంటేనా? ఫోన్ కెమెరా ముందుకు తిప్పి నాలుక బయటపెట్టి చూసుకున్నాను. ఎర్రగా ఉంది. నాలుక ఎర్రగానే ఉంటుంది కదా? ఇంతకు ముందు ఎప్పుడైనా చూసుకున్నానా? ఫోన్‌లో వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. ముందు నోట్లో పుళ్ళు, ఆ తర్వాత కొన్ని రోజులు అంతా బాగున్నట్టే ఉండటం, ఆ తర్వాత ఊపిరి. చదువుతుంటే ఇంకో సంగతి తగిలింది. పొరపాటున ఎవరూ తాగకుండా కొన్నింటికి కంపెనీలు రంగు కలుపుతాయట. ఆకుపచ్చో, నీలమో.

బల్ల మీద మా గ్లాసు అలాగే ఉంది. పొద్దున అరటాకులా కనిపించిన ఆకుపచ్చ.

భీంరావుకు ఫోన్ కలవలేదు. మళ్ళీ, మళ్ళీ. సిగ్నల్ లేదు. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. కొడితే ఇంకెలా తెలుస్తుందని ఆగాను.

రాజేశం సార్ దగ్గరికి వెళ్ళి ఫొటో చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"లస్మవ్వను పిలువు," అన్నారు అంతే.

లస్మవ్వకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పగానే అరుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె నేల మీద కూర్చుంది. కడుగుతున్న సీసా చేతిలోనే ఉంది.

"మా చిన్న మరిది గట్లనే పోయిండు," అంది. "కూల్‌డ్రింక్ సీసల గడ్డి మందు పోసి పెట్టిండ్రు ఎవలో. చేన్ల నుంచి అచ్చి దూప మీద తాగిండు. ఏడిదని అడగలే. తాగినంక కొన్నొద్దులు మంచిగనే మాట్లాడిండు బిడ్డా. సచ్చిపోతవని డాక్టర్ చెప్పినంక గూడ మంచిగనే మాట్లాడిండు. నవ్విండు గూడ. గదే నాకు యాదికొస్తది."

ఆ నవ్వే నన్ను అన్నిటికంటే భయపెట్టింది.

నీలం

విక్రం కారు తీశాడు. అద్దంలో అతని కళ్ళు నావైపు చూసి తప్పుకునేవి. నాకు అతని మీద అరవాలని ఉంది. నోరు తెరిస్తే గొంతు మంట ఎక్కువవుతుందేమోనని తెరవలేదు. కోపం కంటే భయం పెద్దదైన రోజు నా జీవితంలో అదే మొదటిది.

పెద్దాసుపత్రిలో డాక్టర్ కుర్రవాడే, నా వయసుంటుంది. ఇలాంటివి రోజూ చూసే అలసట ముఖంలో ఉంది.

"ఎంత తాగిన్రు?"

"ఒక మూత."

"తెలిసి తాగిన్రా, తెల్వక తాగిన్రా?"

"మందు రుచి చూసేవాళ్ళం సార్ మేము. మామూలుగా ఉమ్మేస్తం."

"మరి ఇది ఎందుకు ఉమ్మలే?"

నాకు సిగ్గేసింది. ఏమని చెప్పను? లస్మవ్వ చెప్పింది. "సాక, సారు. మైసమ్మకు పోసింది."

డాక్టర్ రాయడం ఆపాడు. తిడతాడనుకున్నాను. "అయితే ఉమ్మరు," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "మా ఇంట్ల గూడ ఉమ్మరు."

ముగ్గురి మూత్రం తీసుకున్నాడు. అందులో ఏదో పొడి కలిపి చూస్తానన్నాడు. నీలం వస్తే ఉన్నట్టు. రాకపోతే ఇప్పటికి ఫికర్ లేనట్టు.

నాది రంగు చూసే ఉద్యోగం. గ్లాసు వెలుగుకు పట్టి, ఈ పసుపులో ఎంత పచ్చ ఉందో చెప్పగలను. డాక్టర్ ఆ చిన్న గాజు గొట్టాలను ట్యూబ్‌లైట్ కిందికి పట్టినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. పక్కన రాజేశం సార్ నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆయనా భయపడుతున్నారని అప్పుడే తెలిసింది. నాకు తెలిసినవాళ్ళలో ఎప్పుడూ భయపడని మనిషి ఆయనొక్కరే అనుకునేదాన్ని.

"కండ్లు తెరువు బిడ్డా," అన్నారు కాసేపటికి.

నీలం రాలేదు. మూడింటిలోనూ రాలేదు.

"మన పసుపు మనకే ఉన్నది," అంది లస్మవ్వ. అని, అక్కడే ఏడ్చేసింది.

డాక్టర్ మాత్రం నవ్వలేదు. కొంచెమే లోపలికి పోయి ఉంటే ఇందులో కనబడకపోవచ్చు అన్నాడు. మళ్ళీ రమ్మన్నాడు. మళ్ళీ వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాను.

మళ్ళీ ఒక మూత

భీంరావు ఫోన్ చేశాడు. పంపు కొట్టింది పక్క చేను కూలీ. పత్తికి పురుగు మందు కొట్టాడని కొందరు, గట్టుకు గడ్డి మందని కొందరు. కూలీ ఇంకో ఊరు వెళ్ళిపోయాడు.

"నేను జెప్పబోయిన మేడం," అన్నాడు భీంరావు. "గట్ల మీద గడ్డి గదే గడ్డి గని, దాని మీద ఎవలు ఏం కొడ్తరో మాకు తెల్వదు అని. సాబ్ మాట మధ్యల్నే ఆపిండు. మీరు ఫొటువలు దిగుతుండ్రి."

అవునన్నాను.

విక్రంకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. "నెగెటివ్ కదా! పైగా అది పురుగు మందో, గడ్డి మందో, అసలు ఏమీ కాదో. డ్రమ్ముల్లో ఉన్నదంతా పారబొయ్యాల్నా? మళ్ళీ బట్టీ ఎక్కిద్దాం. ఆవిరి పడితే విషం పోతది. రంగు పోతే పోయింది."

నేను లేచి కేకలు వేశాను. ఏం అన్నానో నాకే గుర్తులేదు, లస్మవ్వ తర్వాత చెప్తే తలదించుకున్నాను. రాజేశం సార్ నా భుజం నొక్కి కూర్చోబెట్టారు. బల్ల మీదున్న ఆకుపచ్చ సీసా తెచ్చి, ఒక మూత నింపి, విక్రం ముందు పెట్టారు.

"ఆవిరి పడితే పోతది కావచ్చు. నేను కాదంటలేను. దీన్ని మరగబెట్టి, ఆవిరి పట్టి, సల్లార్చి నీకు ఇస్త. గప్పుడు తాగుతవా?"

విక్రం మూతను ముట్టుకోలేదు.

"గా దినం కండ్లకద్దుకొని పక్కన పెట్టినవు. మేం ముగ్గురం మింగినం. ఇప్పుడు నువ్వు తాగుతనంటె, నేను గూడ నీతోని తాగుత. జనాలకు గూడ పోద్దాం. తాగనంటె, ఇగ ఎవలకూ పొయ్యొద్దు."

విక్రం ఆ మూత వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను అతన్ని అసహ్యించుకోవాల్సింది. అసహ్యం రాలేదు. అది నాకు బాగా తెలిసిన ముఖం. కెమెరా తిప్పి నాలుక చూసుకున్నప్పుడు ఫోన్‌లో కనిపించిన ముఖం.

"పంపించెయ్యండి," అన్నాడు. డ్రమ్ములకు మూతలు బిగించి, మీద విషం గుర్తు వేసి, ఇలాంటివి పారవేసేవాళ్ళకు అప్పగించాం.

కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పేది ఇక్కడ ఒకటుంది. నీ బాస్ చెడ్డవాడా మంచివాడా అని చూడకు. తను పోసేది తను తాగుతాడా అని చూడు. తాగకపోతే ఎందుకు తాగడో అడుగు.

చివరి సాక

ఆ తర్వాత గడ్డి గుట్ట మీదినుంచే వచ్చేది. ఎండిన దారిలో, భీంరావు దగ్గరుండి కోయించేవాడు. కొయ్యడానికి ముందు చుట్టూ ఉన్న చేల ఫొటోలు పంపేవాడు. నేను ఒక్కొక్కటీ పెద్దది చేసి, మూలమూలా వెతికేదాన్ని. నా ముఖం కోసం కాదు. జిన్ను తెల్లగానే దిగేది. గులాబీ, నిమ్మ, గడ్డివాము. జనానికి నచ్చింది.

సాక మానలేదు. లస్మవ్వ మాననివ్వలేదు. "తల్లి వల్లనే బత్కినం," అంటుంది. కానీ ఒకటి మారింది. ఎవరూ చెప్పకుండానే మారింది. మూతలు అందరి చేతుల్లో ఉన్నా ముందు నేను తాగేదాన్ని. నేను మింగి, కాసేపు ఆగి, తల ఊపితే అప్పుడు మిగతావాళ్ళు ఎత్తేవారు. రాజేశం సార్ ఇంటి దగ్గర ఉండిపోయాక ఆయన వంతు కూడా నాదైంది. నేను మింగకముందు లస్మవ్వ అడిగేది. "ఏడిది బిడ్డా?" గుట్ట పేరు చెప్పేదాన్ని. అది మంత్రంలా అయిపోయింది.

ఆ భయం ఏళ్ళ తరబడి నాతో ఉంది. ప్రతి గ్లాసు ముందూ గొంతు బిగుసుకునేది. పుట్టినరోజు కేకు ముందు కూడా. బయట ఎవరైనా నీళ్ళసీసా ఇస్తే మూత సీలు చూసేదాన్ని. పెళ్ళి చూపులకు వచ్చిన ఒకాయన వాళ్ళింట్లో చేసి తెచ్చిన షర్బత్ ఇస్తే, "దేనితో చేశారు, ఎక్కడిది" అని అడిగాను. వాళ్ళు మళ్ళీ రాలేదు. పోనీ. ఆ భయం వల్లే నా నాలుక పదునుగా ఉండేది. రాజేశం సార్‌కు ఒకసారి చెప్తే ఆయన అన్నారు. "భయమే మన జీతం బిడ్డా. నాలుక కాదు."

నా చివరి సాక రోజు పొద్దున కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. ఉత్త నీళ్ళతో స్నానం చేసి వచ్చారు, ముచ్చటగా అనిపించింది. కొత్త సరుకు. లస్మవ్వ మైసమ్మకు సాక పోసింది, మూతలు నింపింది. నా ఎడమ చేతిలో ఫోన్. ఎవరితోనో ఏదో గొడవ, వేడి వేడిగా జవాబు టైపు చేస్తున్నాను. కుడి చేత్తో మూత అందుకున్నాను, మింగాను, టైపు చేస్తూనే తల ఊపాను.

అందరూ మూతలు ఎత్తారు. పెదాల దాకా తెచ్చుకున్న లస్మవ్వ ఆగింది.

"ఏడిది బిడ్డా?"

ఎప్పుడూ మింగకముందు అడిగేది. ఆ పొద్దున నేను ఆమెకు ఆ సందు ఇవ్వలేదు.

నోరు తెరిచాను. గుట్ట పేరు రాలేదు. భీంరావు పంపిన ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి. నేను తెరవలేదు. తెరవలేదన్న సంగతి కూడా అప్పటిదాకా నాకు తోచలేదు.

"తెల్వదు లస్మవ్వా," అన్నాను.

ఆమె మూత కిందికి దించింది. కొత్త అమ్మాయిలు ఆమెను చూసి దించారు. ఒక్కొక్కరుగా అందరూ దించారు. నేనొక్కదాన్నే మింగి ఉన్నాను.

తర్వాత ఫొటోలు చూశాను. గుట్ట మీదిదే. మంచి గడ్డే. జిన్ను బాగుంది. కానీ ఆ కాసేపు, అందరూ మూతలు పట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నప్పుడు, నేను గొంతులో ఆ పాత బిగువు కోసం వెతికాను. పెద్దాసుపత్రి ట్యూబ్‌లైట్ గుర్తు తెచ్చుకున్నాను. లస్మవ్వ మరిది నవ్వు గుర్తు తెచ్చుకున్నాను. గొంతు వెచ్చగా, హాయిగా ఉంది. ఎంత వెతికినా భయం దొరకలేదు.

ఆ సాయంత్రమే మానేస్తున్నానని విక్రంకు చెప్పేశాను.